విద్యావంతుని కాయకము

శివశరణులు కాయకమునకు హెచ్చుతగ్గులు కల్పింపలేదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడును, త్రాళ్ళు పేనిన నులియ చందయ్యయు, చెప్పులు కుట్టిన హరళయ్యయు ఒకే శరణగోష్ఠికి చెందినవారు. పని ఏదియైనను సత్యశుద్ధమై శివార్పితమైనచో అదియే పూజయని వారి అనుభవము.

మోళిగె మారయ్య పూర్వాశ్రమమున కాశ్మీర దేశమునకు రాజని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన సింహాసనమును విడిచి, ధర్మపత్ని మహాదేవితో కల్యాణమునకు వచ్చి, కట్టెల మోపులమ్మి జంగమ దాసోహము జరిపెను. రాజ్యమేలిన చేతికి గొడ్డలి తగదని ఆయన తలపలేదు. తలపై కట్టెల మోపు మోసెను గాని పూర్వపు కిరీటమును మోయలేదు.

అయితే మారయ్య తానై విడిచెను. నేటి యువకులలో ననేకులకు ఆ స్వేచ్ఛ లేదు. 2015లో ఉత్తరప్రదేశ్ సచివాలయమున 368 బంట్రోతు ఉద్యోగములకు 23 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఐదవ తరగతి చదువు చాలునన్న ఆ పనిని కోరినవారిలో 255 మంది డాక్టరేటు పొందినవారు! అట్టివారిని చూచి "ఇంత చదివి ఇదియా?" యని నవ్వుట శరణధర్మము కాదు. ఆ నవ్వు పనిని, పనివానిని, చదువును గూడ కించపరచును.

చదువును దాచుటయు ధర్మము కాదు. పట్టభద్రులు అనర్హులని ప్రకటించిన ఒక బ్యాంకు బంట్రోతు పనిలో, పట్టా సంగతి దాచి ఎంపికైన యువకుని నియామక రద్దును 2020 నవంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. ఆకలి నిజమే, కాని అసత్యముతో ఆరంభమైనది సత్యశుద్ధ కాయకము కానేరదు.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యపు గింజలు ఏరి తేగా, ఆయన ఇల్లాలు లక్కమ్మ వానిని తిరిగి అక్కడనే చల్లి రమ్మనెను. మన అవసరమునకు మించినది పరుల భాగము. కావున వేరు దారి గల విద్యావంతుడు, తక్కువ చదివినవానికి మిగిలిన ఒక్క ద్వారమునకు అడ్డు నిలువరాదు. వేరు దారి లేనివాడు తన చదువును ఉన్నదున్నట్లు చెప్పి, దొరికిన పనిని నిండు మనస్సుతో చేయవలెను. సాయంవేళ నలుగురు పిల్లలకు అక్షరములు నేర్పినచో, ఆ చదువు జ్ఞానదాసోహమగును.

శరణ బంధువులారా! మన బిడ్డ ఏ కొలువున నున్నాడని కాదు, ఎట్లు చేయుచున్నాడని అడుగుదము. అట్టి బిడ్డలకు మఠములు పాఠము చెప్పు తావు నిచ్చిన, వారి విద్య వ్యర్థము కాదు.

శరణు శరణార్థి.