నవ్వు, ఎగతాళి

క్రైస్తవుడు నవ్వవచ్చునా అని కొందరడుగుదురు. ఇస్సాకు అను పేరునకే నవ్వు అని అర్థము, ముసలితనమున ఆ బిడ్డను ఎత్తుకొన్న శారా మనసార నవ్వినది (ఆది. 21:6). కాబట్టి నవ్వు దోషము కాదు. అది ఎట్టి నవ్వు అనునదే ప్రశ్న.

బూతుమాట తగదని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను (5:4). అది అందరు ఎరిగినదే. అయితే బూతు ఒక్కటియు లేని మాట కూడ మనిషిని క్రుంగదీయగలదు. కాలు ఈడ్చి నడచువానికి ఊరిలో ఆ అవిటితనమునే పేరుగా పెట్టి పిలుతురు. వాడును నవ్వును. "వాడే నవ్వుచున్నాడు గదా, తప్పేమి?" అందురు. నవ్వక వాడేమి చేయును? రేపు వానికి కూలిపని ఇచ్చువారు ఆ రచ్చబండమీద కూర్చున్నవారే.

అట్లని ఒకరిని నొప్పించు హాస్యమంతయు చెడ్డదనవచ్చునా? అదియు సరికాదు. జంధ్యాల 1987లో తీసిన 'అహ నా పెళ్ళంట' చిత్రములో కోట శ్రీనివాసరావు పిసినారి వేషము వేసెను. ఆ పిసినారి కోడిని పైన వ్రేలాడదీసి, దానిని చూచుచు ఉత్త అన్నము తినును. అది చూచి నిజమైన పిసినారి నొచ్చుకొనవచ్చును. కాని పిసినారితనము అతడు కోరి పట్టుకొన్నది. విడిచిన అతనికే మేలు. అవిటికాలు ఎవడును కోరి తెచ్చుకొన్నది కాదు; ఎగతాళి చేసినందున అది బాగుపడదు.

బలమును కూడ చూడవలెను. కర్మెలుమీద ఏలీయా బయలు ప్రవక్తలను ఎగతాళి చేసెను (1 రాజులు 18:27). వారు 450 మంది, రాజు అండ గలవారు, అతడు ఒంటరివాడు. బలవంతుని గర్వమును చూచి నవ్వుట వేరు, బలహీనుని కొరతను చూచి నవ్వుట వేరు.

2024 జూలై 8న మన సుప్రీంకోర్టు ఒక చలనచిత్రమును గూర్చిన తీర్పులో ఇట్టి భేదమునే చూపెను: వికలాంగులను కించపరచు హాస్యము ఒకటి, వారి స్థితిని అర్థము చేసికొనుటకు తోడ్పడు హాస్యము మరియొకటి.

పొరుగువానిని మోసపుచ్చి, వేళాకోళమునకే చేసితిననువానిని సామెతల గ్రంథము నిప్పులు విసరు వెఱ్ఱివానితో పోల్చినది (26:18, 19). కనుక మాట నోరు దాటకమునుపు ఒక్కటి ఆలోచింతము: అతని యింట, అతని బిడ్డల యెదుట ఈ మాట అనగలమా? అనలేనిచో రచ్చబండయొద్దను అది తగదు. ఈ ఆదివారము మందిరపు వాకిట అతడు కనబడినప్పుడు, అతనిని అతని పేరుతోనే పిలువుడి.