వెనుకబడినవారి పరుగు



"నడవండి, వీలైతే కొంచెం పరుగెత్తండి" అని డాక్టరుగారు చెప్పగానే మనలో చాలామందికి హైస్కూలు మైదానం గుర్తుకు వస్తుంది. ఆ రోజుల్లో పది రౌండ్లు అవలీలగా కొట్టేవాళ్ళం గదా అనుకుంటాం. ఇరవై ఏళ్ళ తరువాత ఒక తెల్లవారుజామున బూట్లు తొడుక్కొని బయలుదేరతాం. నాలుగు కరెంటు స్తంభాలు దాటేసరికి ఆయాసం. మర్నాటికి పిక్కలు పట్టేస్తాయి. మూడోనాడు బూట్లు మంచం కిందికి చేరతాయి. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం గాని, అసలు చిక్కు మరొకటి. పదహారేళ్ళనాటి మనతో మనమే పందెం వేసుకున్నాం.

సెమినరీలో తత్వశాస్త్రం చదివినవారెవరూ పునీత తోమాసు అక్వినాసుగారిని తప్పించుకోలేరు. అభ్యాసంతో అబ్బిన గుణం అభ్యాసం మానితే పోతుందా అని 13వ శతాబ్దంలోనే ఆయన ప్రశ్న వేసుకున్నారు. తగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు పూర్తిగా నశిస్తుంది కూడా అని తేల్చారు. దానిని ఎవరూ వచ్చి దోచుకుపోనక్కరలేదు. దున్నని చేలో తుంగ మొలిచినట్లు, వాడకం మానినచోట దానికి విరుద్ధమైనవి తలెత్తుతాయి.

శరీరం సంగతీ అంతే. పరుగు మానిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గనారంభిస్తుంది. తిరిగి మొదలుపెడితే ఊపిరి ముందు కుదురుకుంటుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. తొందరపడినవారికి మడమ దగ్గరో మోకాలి దగ్గరో దెబ్బ తగిలేది అందుకే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అదీ వారానికి మూడు రోజులు, పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా: మొదట్లో ఇంతే చాలు. షుగరు, బి.పి., గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. స్త్రీలు చాలామంది చూసేవారికి జంకి మానేస్తున్నారు. ఆ చూసేవారిలో మన విచారణవారు లేకుంటే సంతోషం.

పునీత పౌలుగారు చెప్పిన పరుగు పందెపు పోలిక మీరెరిగినదే. రెండేళ్ళకొకసారి తమ ఊరి దగ్గరే ఇస్త్మియా క్రీడలు జరిగే కొరింతీయులకు ఆయన అలా వ్రాశారు. అయితే అది గెలవడానికి పరుగెత్తేవారి మాట. ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టేవారికి నేను యోహాను సువిశేషం 20వ అధ్యాయం చూపిస్తాను. మగ్దలా మరియమ్మ తెచ్చిన వార్త విని ఇద్దరు శిష్యులు సమాధివైపు పరుగెత్తారు. అందులో ఒకరు పేతురుగారు. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన ఆ రాత్రి గడిచి మూడు రోజులైనా నిండలేదు. ఏ ముఖంతో వెళ్ళాలి అని ఆయన ఇంట్లో కూర్చోలేదు. రెండవ శిష్యుడు వేగంగా పరుగెత్తి ముందు చేరుకున్నాడు. పేతురుగారు వెనుకబడ్డారని సువిశేషం దాచలేదు. వెనుక వచ్చిన ఆయనే ముందు సమాధి లోపలికి వెళ్ళారని కూడా చెప్పింది.

పదేళ్ళుగా పాపసంకీర్తనానికి రానివారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. "ఒకప్పుడు రోజూ పూజకు వెళ్ళేవాణ్ణి, కోయిరులో పాడేవాణ్ణి" అంటారు. వారిని ఆపేది చాలాసార్లు ఆ 'ఒకప్పుడే'. తపస్కాలం రాగానే రోజూ పూజ, రోజూ జపమాల, బైబిలు మొదటినుండి చివరిదాకా అని పట్టుబడతారు. రెండవ శుక్రవారానికి అన్నీ ఆగిపోతాయి. అంతకంటె రాత్రి దీపం ఆర్పేముందు ఒక్క మంగళవార్త జపం చెప్పుకోవడం మేలు. అది నిలిచాక రెండవది చేర్చుకోవచ్చు.

ఇంట్లోవారికి ఒక మాట. అలా మొదలుపెట్టినవారిని "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అని దెప్పకండి. పాపసంకీర్తనం ఎలా చేయాలో మరచిపోయామని బెంగపడేవారు, "ఫాదర్, చాలా ఏళ్ళయింది, ఎలా మొదలుపెట్టాలో తెలియడంలేదు" అనండి. మిగిలినది గురువు అందిస్తారు.