విప్పుట, కూర్చుట

మిళిందపన్హమను పాళీ గ్రంథమున ఒక ప్రసిద్ధ సంవాదము కలదు. తాను రథముపై వచ్చితినని యవనరాజు మిళిందుడు చెప్పగా, నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా అని నాగసేన భిక్షువు ప్రశ్నించును. ఒక్కొక్కదానికి రాజు కాదనియే చెప్పవలసివచ్చును. అంగముల నాశ్రయించి వ్యవహారమునకై ఏర్పడిన పేరే రథమని తుదకు తేలును.

ఈ విచారము నేటి యంత్రములకును వర్తించును. 1960 ప్రాంతమున తయారైన గొలుసు రంపమునొకదానిని మరమ్మతుకై విప్పుచున్నారనుకొందము. కొంతసేపటికి పిస్టను, ఫ్లైవీలు, కార్బురేటరు, క్లచ్చి బల్లపై వేరువేరుగా పరచబడియుండును. ఒక్క మరయైనను పోలేదు. అయినను రంపము లేదు. పోయినది వస్తువు కాదు, వస్తువుల నడుమనున్న సంబంధము.

ఆ సంబంధము మిక్కిలి నిక్కచ్చియైనది. ఇట్టి రంపములలో తరచుగా క్లచ్చికి ఎడమ మర యుండును; అలవాటు చొప్పున త్రిప్పినచో అది వదులు కాక మరింత బిగియును. అనేక యంత్రములలో పిస్టను తలపై బాణపు గుర్తుండును. దానిని లెక్కచేయక తారుమారుగా కూర్చినచో ఉంగరపు కొన సిలిండరు రంధ్రమున తగులుకొని విరుగవచ్చును. విప్పుటకు బలము చాలును. కూర్చుటకు విప్పిన క్రమము జ్ఞాపకముండవలెను. అందుచేతనే తెలిసినవాడు ప్రతి మరను ఊడదీసిన వరుసలోనే పేర్చుకొనును.

ఇక పాతబడి గట్టిపడిన రబ్బరు సీలులను మార్చక తప్పదు. వాటి సందుల గుండా గాలి చొరబడినచో ఇంధన మిశ్రమము పలుచనై, వేడి హెచ్చి, పిస్టను సిలిండరున పట్టుకొనిపోవును. సీలులు మారినవి, కార్బురేటరులోని పలుచని పొర మారినది, గొలుసు మారినది. ఇంకను ఇది ఆ పాత రంపమేనా? నాగసేనుని మార్గమున చూచినచో, పేరు నిలిచినంతవరకు అవునని చెప్పి ఊరకుండవచ్చును.

కాని ఆ సమాధానము మరమ్మతు చేసినవానికి చాలదు. ఏలయన, రంపము మరల ఒకరి చేతికి పోవలసియున్నది. పట్టీ కొన పై అంచు దుంగకు తగిలినచో రంపము క్షణములో కోతగాని ముఖము మీదికి ఎగురును. అట్టి వేళ గొలుసును నిలుపు బ్రేకు 1970 దశకమున గాని వాడుకలో వ్యాపింపలేదు. పూర్వరూపమును చెక్కుచెదరక నిలుపుట మంచిదే. అయితే అందలి అపాయము కూడ అట్లే నిలిచినదని మరువరాదు.

కావున రంపము పాతదా, క్రొత్తదా అను ప్రశ్నకంటె, దానికి జవాబుదారి యెవరను ప్రశ్నయే ముఖ్యము. మొదట దానిని చేసినవారు ఏనాడో తమ పని ముగించిరి. నేడు విప్పి కూర్చినవాడు వారి పనిలో పాలుపంచుకొన్నాడు. ఏది మార్చెనో, ఏది మార్చలేదో, ఏ రక్షణ దానికి మొదటినుండియు లేదో, పుచ్చుకొనువానికి దాచక చెప్పుటతోనే అతని కూర్పు పూర్తియగును.