సర్దుబాటు ఎవరి పని?

అత్తారింటికి వెళ్ళే పిల్లకి మనవాళ్ళు పెట్టే సారెలో మొదటి వస్తువు "సర్దుకుపోవాలమ్మా" అన్న మాట. చీరలూ గిన్నెలూ ఆ తర్వాతే. విమానం ఎక్కి అమెరికా వచ్చేవాళ్ళకీ అదే మాట చెప్పి పంపుతారు. ఎవరు సర్దుకోవాలి, ఎంత సర్దుకోవాలి, దేనికోసం సర్దుకోవాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఈ మూడు ప్రశ్నల గురించి నేను కాస్త నిదానంగా ఆలోచించింది, నవ్వకండి, ఒక పాత స్నోమొబైల్ క్లచ్ పుణ్యమా అని.

నేను ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చాను. మా వారి మొదటి భార్య జబ్బు చేసి పోయారు. అప్పటికి పాపకి పన్నెండేళ్ళు. గరాజ్‌లో ఆ దంపతులిద్దరూ కలిసి కొనుక్కున్న టూ-స్ట్రోక్ స్నోమొబైల్ ఒకటి ఉండేది. మా బాతెల్ లేక్ వాషింగ్టన్ ఉత్తరపు కొసకి దగ్గర్లో ఉన్న ఊరు. ఇక్కడ వర్షమే గానీ మంచు తక్కువ. మంచు కావాలంటే హైవే 2 మీద 4,061 అడుగుల ఎత్తున్న స్టీవెన్స్ పాస్ దాటి, లేక్ వెనాచీ వైపు కొండలకి వెళ్ళాలి. ఒక చలికాలం ఆ బండి క్లచ్ విరిగింది. అదే మోడల్‌ది వాడిన క్లచ్ ఒకటి కొని బిగించారు. బిగుసుకుంది, తిరిగింది. కొండ మీద మాత్రం బండి ఉక్కిరిబిక్కిరైంది.

స్నోమొబైల్‌కి గేర్లు మార్చే పని లేదు. మన ఊళ్ళలో ఆక్టివా నడిపినవాళ్ళకీ, అంతకుముందు 1980లలో కైనెటిక్ హోండా నడిపినవాళ్ళకీ ఈ ఏర్పాటు తెలియకుండానే తెలుసు. రెండు పుల్లీలు, మధ్య ఒక రబ్బరు బెల్టు. ఇంజను వైపు పుల్లీలో చిన్న చిన్న బరువులుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని, స్ప్రింగును అణచి, పుల్లీ రెండు పళ్ళేలనూ దగ్గరికి నొక్కుతాయి. బెల్టు పైకెక్కి బండి వేగం అందుకుంటుంది. రెండో పుల్లీ పని వేరు. దానిలోని స్ప్రింగూ, హెలిక్స్ అనే వాలు గాడీ ట్రాక్ మీద పడే భారాన్ని పసిగడతాయి. ఎత్తు ఎదురైతే ఆ పుల్లీ బెల్టును గట్టిగా పట్టి తనవైపు లాక్కుంటుంది. చిన్న గేరు వేసినట్టవుతుంది. మొదటిది ఇంజను మాట వింటుంది, రెండోది నేల మాట వింటుంది.

అన్ని ఇంజన్లకీ ఒకే బరువులు సరిపోవు. బరువులు ఎక్కువైతే బెల్టు తొందరపడి పైకెక్కి ఇంజను నీరసిస్తుంది. తక్కువైతే ఇంజను గోల పెడుతుందే గానీ బండి కదలదు. మేం కొన్న క్లచ్ లోపల ఉన్నవి వేరే ఇంజనుకి అమర్చిన బరువులూ, వేరే స్ప్రింగూ. పైగా ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఇలాంటి ఇంజను సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. స్టీవెన్స్ పాస్ ఎత్తుకి అది 12 శాతం. సరస్సు ఒడ్డున సరిపోయిన బరువే కొండ మీద భారం.

మా వారూ పాపా మూడు శనివారాలు దానితో కుస్తీ పట్టారు. నా పని నోటుబుక్కు పట్టుకోవడం. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది రాయాలి, ముల్లు ఎంత చూపిందో రాయాలి. అలా రాస్తూంటే ఒక సంగతి బోధపడింది. విరిగిన క్లచ్‌లో ఏ బరువులుండేవో వాళ్ళు వెతకలేదు. ఈ ఇంజను ఎన్ని చుట్ల దగ్గర తన పూర్తి బలం ఇస్తుందో, దాన్ని అక్కడ నిలబెట్టే బరువులు ఏవో వెతికారు. పాతదానిలా ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న కాదు.

మా ఇంట్లో నడిచింది అచ్చంగా ఆ పాత ప్రశ్నే. "ఆవిడుంటే ఇలా చేసేది" అన్న మాట దుష్టులు అనరు, దుఃఖంలో ఉన్నవాళ్ళు అంటారు. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. పోయినమనిషి కొలతకి వచ్చినమనిషిని అరగదీస్తే పోయినావిడ తిరిగి రారు, వచ్చినావిడా మిగలదు. అలాగని "నేనింతే, మీరే సర్దుకోండి" అనడమూ న్యాయం కాదు. పన్నెండేళ్ళ పిల్ల నా కోసం తన తల్లిని మరిచిపోవాలనడానికి నాకేం హక్కు?

ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. గ్రాము తీసేసిన బరువుకి నొప్పి లేదు. బండికి ముల్లు ఉంది, ఇంటికి లేదు. మరి సర్దుబాటు సరిగ్గా ఉందో లేదో ఎలా తెలియాలి? బండి వాళ్ళు ఇంకో పని కూడా చేస్తారు. ఆగిన ప్రతిసారీ బెల్టును చూస్తారు. పుల్లీలు రెండూ లోహం, వాటి తగువు వాటి మీద వెంటనే కనబడదు. మధ్యనున్న రబ్బరు వేడెక్కి, నిగనిగలాడి, చివరికి తెగుతుంది.

మా ఇంట్లో బెల్టు పాప. గుంటూరు నుంచి ఫోను వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మ "అమ్మ అని పిలువు" అనేవారు. పిల్ల ఫోనులో నన్ను "అమ్మ" అనేది. ఫోను పెట్టేశాక ఏ పేరుతోనూ పిలిచేది కాదు. "వింటున్నారా" అనేది. పెద్దవాళ్ళందరం బాగా సర్దుకుపోతున్నామనుకున్న ఇంట్లో ఒక పిల్లకి పిలుపు లేకుండా పోయింది. ఒకరోజు నేనే ఫోను అందుకుని, "పిన్ని అంటే చాలు అత్తయ్యగారూ, దానికి అమ్మ ఉంది" అన్నాను. అవతలి వైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ, "నీకు కష్టంగా ఉండదా?" అని అడిగారు. "ఉంటుంది" అన్నాను.

అందుకని నా మొదటి మూడు ప్రశ్నలకీ నేను చెప్పుకునే జవాబు ఇది. ఇద్దరూ సర్దుకోవాలి, కానీ ఇద్దరూ ఒకేలా కాదు. ఎవరి బలం వాళ్ళు ఇవ్వగలిగినంత వరకే సర్దుకోవాలి. మధ్యలో ఉన్నవాళ్ళు కాలిపోకుండా ఉండటం కోసం సర్దుకోవాలి. అదీ ఒక్కసారితో తీరదు. ఎత్తు మారితే మళ్ళీ విప్పి చూసుకోవాలి. పాపకి ఇప్పుడు పదిహేను. బండి మీద మా వారి వెనక కూర్చోవడం మానేసి, తనే నడుపుతానంటోంది. దానికి ఏ బరువులు కావాలో ఇంకా చూడాలి.