సేవయు జీతమును

నేను పాఠములు చెప్పు బడి శంషాబాదునకు సమీపమున నున్నది. 2008 మార్చిలో రాజీవుగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట తెరవబడిన నాటినుండి మా తరగతిగదుల మీదుగా విమానములు పోవుచునే యున్నవి. మొదట పిల్లలు పుస్తకములు మూసి కిటికీల వైపు పరుగెత్తెడివారు. ఇప్పుడు తల యెత్తి చూచువారు లేరు.

గడచిన వర్షకాలమున ఒకనాటి రాత్రి ఆ విమానములలో నొకదాని నెక్కుటకు నా పూర్వశిష్యురాలొకతె వచ్చినది. ఆమె నర్సు. నాలుగేండ్లు బి.ఎస్సీ. నర్సింగు చదివి, మూడేండ్లు నగరమందలి ప్రైవేటు ఆసుపత్రులలో పనిచేసి, ఇంగ్లండునకు పోవుచుండెను. టికెట్టు లేనివారికి లోపల ప్రవేశము లేదు గనుక బంధువులతోపాటు నేనును ద్వారము కడనే నిలిచిపోతిని. పిల్ల కనుమరుగైన పిదప తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొని నన్నడిగినది: "ఈడ బీమారున్నోళ్ళు లేరా సారూ? గంత దూరం పోయి చెయ్యాల్నా?"

ప్రశ్నకు సమాధానము చెప్పుట నా వృత్తి. ఆ రాత్రి మాత్రము నాకేమియు తోచలేదు. అంతకు కొంచెము ముందే ఆ పిల్ల నాతో లెక్క చెప్పియుండెను: "నెలకు పద్దెనిమిది వేలు సార్. హాస్టలు, బస్సు, చదువుకు తీసిన లోను పోంగ ఇంటికి పంపుటానికి ఏం మిగుల్తలేదు." ఇచ్చట రోగులున్నారు, రోగులకు నర్సులు కావలసియున్నారు, ఐనను నేర్చిన నర్సు నిలువలేకున్నది. ఇది యెట్లు సంభవించినది?

ఒకే చదువు, ఒకే పని, పెక్కు జీతములు. నర్సుల స్థితిలో మొదట మనకు కనబడు వింత యిదియే. తెలంగాణ ప్రభుత్వము 2022 డిసెంబరులో స్టాఫ్ నర్సుల కొలువులకు ప్రకటన యిచ్చినపుడు తెలిపిన మూలవేతనము 36,750 రూపాయలతో మొదలై 1,06,990 వరకు పోవును. కేంద్రప్రభుత్వపు ఆసుపత్రులలో నర్సింగు ఆఫీసరు మూలవేతనము, ఏడవ వేతనసంఘపు నిర్ణయము ననుసరించి, 44,900 రూపాయలతో మొదలగును. భత్యములు వీనికి మీదుమిక్కిలి. అదే ప్రభుత్వాసుపత్రిలో, అదే వార్డులో, పొరుగుసేవల పద్ధతిని చేర్చుకొనబడిన నర్సునకు ఇంత దక్కుట అరుదు. ఇక ప్రైవేటు ఆసుపత్రుల లోపలి సంగతి నా శిష్యురాలి మాటలలోనే వింటిమి. సెలైను ఎక్కించు చేయి ఒక్కటే. నియామకపత్రము మారిన మాత్రమున ఆ చేతి వెల మారుచున్నది.

జీతము లేల హెచ్చుతగ్గులగునని ఆడం స్మిత్తు 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున విచారించి ఐదు కారణములు చెప్పెను. పని అప్రియమైనదైనను, నేర్చుట కష్టమును వ్యయసాధ్యమును ఐనను, పని నిలుకడ లేనిదైనను, పనివానియం దుంచవలసిన నమ్మకము పెద్దదైనను, జయము సందిగ్ధమైనను జీతము పెరుగునని ఆయన మతము. ఈ ఐదింటిలో మూడు నర్సునకు నిండుగా అన్వయించును. పరులు ముట్టుటకు వెనుదీయు మలమూత్రములను ఆమె యెత్తును. అప్పు చేసి యేండ్ల తరబడి చదువును. అర్ధరాత్రి వైద్యుడు నిద్రించు వేళ మన తల్లి ప్రాణము ఆమె చేతిలో నుండును. ఆరోగ్యమును మనము వైద్యునకు నమ్మి యప్పగింతుము గావున ఆతని ప్రతిఫలము సంఘమున తగిన పదవి నిచ్చునంత యుండవలెనని స్మిత్తు వ్రాసెను. శిక్షణ పొందిన నర్సు ఆయన కాలమున లేదు. లండనులో నైటింగేలు పేర శిక్షణాలయము వెలసినది 1860లో. ఉండియున్నచో ఆయన వాదమే ఆమెకును వర్తించెడిది గదా.

మరి వర్తింపకుండుటకు కారణము లేమి? పరీక్షలో నెగ్గి వెలువడు వారి సంఖ్యకు సరిపడు స్థిరమైన కొలువులు లేకుండుట ఒకటి. నర్సులలో అధికసంఖ్యాకులు స్త్రీలగుటయు, స్త్రీ సంపాదన యనగా భర్త జీతమునకు చిల్లర చేర్పు అను తలపు యజమానులలోనే గాక మన యిండ్లలోను ఉండుటయు రెండవది. సంఘముగా కూడి అడుగు బలము చాలకుండుట మూడవది. నాలుగవది మా యూరి విమానాశ్రయమునకు సంబంధించినది. విదేశములలో కొలువీయదలచు వారు చాలచోట్ల ఒకటి రెండేండ్ల అనుభవ మడుగుదురు. ఆ అనుభవపత్రము కొరకు ఈ పిల్లలు వచ్చి తీరుదురనియు, అది చేతబడగానే పోవుదురనియు ఆసుపత్రివారెరుగుదురు. పోవువారి కెక్కువ ఈయనేల యని జీతము తగ్గింతురు. జీతము తక్కువ గనుక వారు పోవుదురు. ఆ పత్రమే జీతములో ఒక భాగమైనట్లు లెక్కించుట గలదు. కొన్నిచోట్ల అసలు సర్టిఫికెట్లే యజమాని బీరువాలో తాకట్టు వస్తువులవలె నుండును. నేర్పుకొలది జీతము పెరుగుననుటయు సత్యమే, ఐ.సి.యు.లోను ఆపరేషను గదిలోను ఆరితేరినవారికి కొంత మేలు. కాని పునాదియే లోతట్టున నున్నపుడు మీది మెట్టెంత యెత్తున నుండును?

ఈ కారణములన్నిటికంటె బలమైన దొకటి గలదని నా యభిప్రాయము. అది సేవ యను మాట. దాని విషయమున నేనే యపరాధిని గనుక నా కథయే చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట మా అమ్మ ఊపిరితిత్తుల వ్యాధితో తొమ్మిది దినములు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నుండెను. రాత్రివేళ చూచిన నర్సు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్ల పిల్ల. మా అమ్మను "అమ్మమ్మా" యని పిలిచి, దగ్గు తెర వచ్చినపుడెల్ల వీపు నిమిరి కూర్చుండబెట్టెడిది. ఇల్లు చేరు నాడు నేనామెకు ఒక చీర పెట్టి, "మీది సేవ తల్లీ, దీనికి వెల కట్టలేము" అంటిని. ఆమె నవ్వి పుచ్చుకొన్నది. నా యౌదార్యమునకు నేనే సంతసించితిని.

ఇంటికి వచ్చి బిల్లు తిరుగవేయగా అందు "నర్సింగు ఛార్జీలు" అను వరుస కనబడెను: దినమునకు 800 రూపాయలు. ఆ సొమ్మా పిల్లకు చేరుననుకొని మరింత సంతసించితిని. పిమ్మట మందుల విషయమై ఫోనులో మాటాడునపుడు ఆమె జీతము 18,000 అనియు, రాత్రివేళ ఏడుగురు రోగులను తానొక్కతెయే చూచుననియు తెలిసినది. బిల్లు వెనుకనే గుణించితిని. ఏడుగురికి దినమునకు 5,600. ఆమె దినపు జీతము 600. మూడు వంతుల డ్యూటీలలో ముగ్గురు నర్సులనుకొన్నను 1,800. పర్యవేక్షణకు, సెలవులకు, గ్లవుజులకు, దూదికి ఎంత తీసివేసినను ఆ లెక్క నాకు కుదురలేదు. వెల కట్టలేమని నేననుచుండగా ఆసుపత్రి వెల కట్టి నా యొద్ద వసూలు చేయనే చేసినది. కట్టబడని దామె కొక్కతెకే.

"జీతమునకు చేయునది సేవ యెట్లగును?" అని పెద్దలు కొందరందురు. ఇది తోసివేయదగిన మాట కాదు. వీపు నిమిరిన ఆ చేతిలోని దయను ఏ వేతనపట్టికయు కొనజాలదు. కాని ధర్మశాస్త్రము దానమునకు చెప్పిన లక్షణము తలచుకొనుడు. తనకు స్వామ్యము గల వస్తువునందు ఆ స్వామ్యమును విడిచి పరునిది చేయుటయే దానము. తనది కానిదానిని ఈయ నెవ్వరికిని వశము గాదు. బలిమిని తీసికొన్నది దానము గాదు. నర్సు నిద్ర, నేర్పు, గంటలు ఆమె సొత్తు. వానికి వెల చెల్లింపుడు. ఆ పైన ఆమె యిచ్చు దయ దానమగును. దానికి మనము చేతులు జోడింతము. వెల యెగవేసి చేతులు జోడించుట నమస్కారము గాదు, వంచన.

మన పూర్వులకీ సంగతి తెలియనిది గాదు. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందనురాగము, శుచిత్వము ఉండవలెననెను. అనురాగము నాలుగు గుణములలో నొకటి మాత్రమే. జ్ఞానమును దక్షతయు నేర్చికొనవలసిన విద్యలు. మనము ఆ యొక్క గుణమును పొగడి తక్కిన విద్య వెలను మరుగుపరచినాము.

చప్పట్లును ఇట్టివే. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు మనమందరము వాకిళ్ళలో నిలిచి చప్పట్లు చరచితిమి. అదే సంవత్సరము జూలైలో సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిలో పొరుగుసేవల నర్సులు విధులు మాని ఆందోళన చేయవలసివచ్చెను. అప్పుడుగాని వారి నెలజీతము 17,500 నుండి 25,000 రూపాయలకు పెరుగలేదు.

న్యాయస్థానము మాటయు కలదు. నర్సుల సంఘము వేసిన వ్యాజ్యమున 2016 జనవరి 29వ తేదీని సుప్రీముకోర్టు ఈ విషయమై సంఘమును నియమింప కేంద్రము నాజ్ఞాపించెను. రెండువందలకు మించిన పడకలు గల ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానముగ నీయవలెననియు, నూరు మొదలు రెండువందల వరకు పదింట నొకవంతుకంటె తక్కువ చేయరాదనియు, ఏబది మొదలు నూరు వరకు నాల్గింట నొకవంతుకంటె తగ్గింపరాదనియు, ఏబదికి లోబడినవియైనను 20,000కు తగ్గరాదనియు ఆ సంఘము సూచించెను. వైద్యము రాష్ట్రముల యధీనము గనుక ఆ సూచనలు రాష్ట్రములకు పంపబడినవి. కేరళము 2018లో 20,000 కనీసముగ శాసించినది. శాసనము లేనిచోట సూచన కాగితముననే యుండును.

చిన్న నర్సింగుహోముల యజమానులు తమ కష్టము చెప్పుకొందురు. ఆరోగ్యశ్రీ ధరలు చాలవనియు, బాకీలు ఆలసించుననియు వారనునది కేవలము నెపము గాదు. అందుచేతనే గదా పడకల సంఖ్యనుబట్టి మెట్లు కట్టిరి. ఆ క్రింది మెట్టును సైత మందుకొనలేని చోట రోగిని చేర్చుకొనుట ధర్మమా యని వారు యోచింపవలెను. పంతులు జీతము చెల్లింపలేని బడి బడి గాదు. ఈ మాట అనుభవముచే చెప్పుచున్నాను. గురువు దైవమని మమ్మును సైతము మ్రొక్కుదురు. 2021లో బడులు మూతపడినపుడు మా ప్రైవేటు పంతుళ్ళకు తెలంగాణ ప్రభుత్వము నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఈయవలసివచ్చెను. ఆ బియ్యము తిన్న యిండ్లు మా వీథిలో నున్నవి. దైవత్వము పొయ్యి మీద ఉడుకదు.

ఇంగ్లండులో 2024-25లో క్రొత్తగా చేరు ప్రభుత్వ నర్సునకు సంవత్సరమునకు 29,970 పౌండ్లు. అచ్చటి యింటి యద్దెలును, చలియు, ఒంటరితనమును లెక్కించినను, చదువు అప్పు తీరును. పోవుటను నేను తప్పు పట్టను. కాని దూరదేశమునకు పోయిన వారందరికిని మేలే జరుగునని లేదు. 2014లో ఇరాకు నందలి తిక్రీతున యుద్ధములో చిక్కి, జూలై 5న కొచ్చి చేరిన 46 మంది నర్సులకు నెలల తరబడి జీతములే అందియుండలేదు. ఉండుటకును పోవుటకును సమానముగ వీలున్నపుడు పోవుట స్వేచ్ఛ. ఉండిన ఇల్లు గడువనపుడు పోవుట తరిమివేయబడుటయే.

గృహస్థులము మనమేమి చేయగలము? ఆసుపత్రిలో చేరునపుడు గది యద్దెను, డాక్టరు పేరును అడిగినట్లే నర్సొకతె యెందరు రోగులను చూచునో అడుగవచ్చును. సాధారణ వార్డులలో అయిదుగురి కొకరుండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. ఏడుగురి నొకతె చూచుచున్నచో నష్టము మన తల్లిదే. ఓటడుగ వచ్చినవారిని 2016 నాటి సూచనల సంగతి అడుగవచ్చును. సంబంధములు చూచునపుడు "నర్సా? రాత్రి డ్యూటీలా?" యని ముక్కు విరుచు అలవాటును మానవచ్చును. మన పడక కడ రాత్రి యంతయు మేలుకొనవలెనని కోరి, కోడలిగా రాదగదనువారి నోట సేవ యను మాట శోభింపదు.

మొన్న ఆ తల్లి సంతలో కనబడి, పిల్ల మొదటి నెల జీతము పంపినదనియు, అప్పులో కొంత తీర్చితిమనియు చెప్పి, "ఎన్నేండ్లకు వస్తది సారూ?" అని యడిగినది. ఆమె మొదటి ప్రశ్నకు సమాధానము ఇప్పటికి నాకు తెలిసినది: ఇచ్చట రోగులున్నారమ్మా, మేమే యున్నాము, నీ బిడ్డకు చెల్లింపవలసినది చీరతో సరిపెట్టితిమి. అది చెప్పుటకు సిగ్గుపడి, రెండవ ప్రశ్నకు తెలియదని మాత్రము చెప్పి వచ్చితిని.