చెవిలో దేవుడి మాట, చేతిలో మామిడికాయ

మన వీడియోలు చూసే యువతీ యువకులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మెట్రోలో వెళ్తూనో, వంట చేసుకుంటూనో ప్రవచనం పాడ్‌కాస్ట్ వింటున్నాను. మనసు సగం అక్కడ, సగం ఇక్కడ. ఇది భక్తి కిందకి వస్తుందా అండి?"

వస్తుంది అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది రకాల భక్తిలో మొదటిది శ్రవణమే కదా. కానీ అదే భాగవతంలో పరీక్షిత్తు మహారాజు ఎలా విన్నాడో చూడండి. ఏడు రోజుల్లో మరణం ఖాయమని తెలిసి, రాజ్యం కొడుక్కి అప్పగించి, అన్నం నీళ్ళు మానేసి, గంగ ఒడ్డున కూర్చుని శుకమహర్షి చెప్పిందంతా విన్నాడు. మనమేమో స్పీడు ఒకటిన్నరకి పెంచి, మధ్యలో వాట్సాప్ చూసుకుంటూ వింటాం. రెండూ శ్రవణమేనా?

ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే ఈ వేసవిలో నూజివీడు దగ్గర మా మేనమామ గారి తోటలో కొన్నాళ్ళు ఉన్నాను.

రేడియో నుంచి ఫోన్ దాకా

పని చేసుకుంటూ దేవుడి మాట వినడం మన తరం కనిపెట్టింది కాదండి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే వాకిలి ఊడ్చినవాళ్ళు, పాలు పితికినవాళ్ళు ఈ ప్రాంతంలో లెక్కలేనంతమంది. తర్వాత ఉషశ్రీ గారు (1928–1990) రేడియోలో రామాయణ, భారతాలు చెప్పారు, శ్రోతల ధర్మసందేహాలు తీర్చారు. ఆ గొంతు తలుచుకుంటే మా మామయ్యకి ఇప్పటికీ ముఖం వెలిగిపోతుంది. ఒక మనిషి మైకు ముందు కూర్చుని, కనపడని వేలమందికి ధర్మం చెప్పడం అంటే అదే కదా. పాడ్‌కాస్ట్ అనే పేరు తర్వాత వచ్చింది, అంతే.

ఇప్పుడు తోటలో అందరి జేబులోనూ ఫోన్ ఉంది. కానీ కాయ కోసేటప్పుడు ఎవరూ ఏమీ వినరు. చెట్టు మీద ఉన్నవాడి కేక కింద ఉన్నవాడికి వినపడాలి. కాయని తొడిమతో కొయ్యాలి. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద నల్లమచ్చ పడుతుంది, రేటు పోతుంది. కోత అయ్యాక నీడలో కూర్చుని రసాలు వేరు, బంగినపల్లి వేరు, పెద్దకాయ, చిన్నకాయ అని ఏరేటప్పుడు మాత్రం ఫోన్లు మోగుతాయి. ఒకరి దగ్గర అన్నమయ్య కీర్తన, పక్కన ఇంకొకరి దగ్గర బైబిల్ వాక్యం.

అడుగున ఏ కాయ ఉంది?

ఆ ఏరేవాళ్ళలో ఒక అన్న క్రైస్తవుడు. రోజూ తెల్లవారుజామున ఫోన్‌లో ఐదు నిమిషాలు వాక్యం చెప్పి, దాన్ని పాడ్‌కాస్ట్‌గా పెడతాడు. వినేవాళ్ళు పాతికమంది కూడా ఉండరు. అందులో సగం కువైట్‌లో పనికి వెళ్ళిన చుట్టాలు. "మరి ఇంత శ్రమ ఎందుకన్నా?" అని అడిగాను.

ఆయన చేతిలోని కాయని తిప్పి చూస్తూనే చెప్పాడు. "వాళ్ళ కోసం మొదలెట్టాను తమ్ముడూ. ఇప్పుడు నా కోసం చేస్తున్నాను. పోయినేడు ఒక వ్యాపారి దగ్గర పనికెళ్తే, ట్రే అడుగున మచ్చకాయ వేసి పైన మంచికాయ పేర్చమన్నాడు. పొద్దున్నే నమ్మకం గురించి చెప్పి ఉన్నాను. మా చెల్లి అక్కడ ఆ మాట వింటూ ఉంటది. సాయంత్రం నేను అడుగున మచ్చకాయ పెడితే, ఇక ఆ గొంతు నాదెట్లా అవుద్ది?"

ఆ పని ఆయన చెయ్యలేదు. ఆ వ్యాపారి మళ్ళీ పనికి పిలవలేదు. సీజన్ మధ్యలో కూలి పోవడం అంటే చిన్న విషయం కాదండి. మామిడి పని ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది.

ఆయన దేవుడు, ఆయన దారి ఆయనవి. మన ఇష్టదైవం, మన సంప్రదాయం మనవి. కానీ ఆ మాట వినగానే నాకు మన భారతమే గుర్తొచ్చింది.

కౌశికుడి సమస్య, మన సమస్య

అరణ్యపర్వంలో కౌశికుడు చెట్టు కింద వేదం వల్లిస్తుంటాడు. పైన కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, అది చచ్చి పడిపోయింది. తర్వాత భిక్షకి వెళ్తే, ఒక ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకి వడ్డిస్తూ ఈయన్ని కాసేపు నిలబెట్టింది. మళ్ళీ కోపం! "నేను కొంగని కాను" అని ఆవిడ నవ్వి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్ళమంది. వెళ్ళి చూస్తే ఆయన మాంసం కొట్లో కూర్చుని అమ్ముకుంటున్నాడు, ఇంటికొచ్చి ముసలి తల్లిదండ్రులకి సేవ చేస్తున్నాడు.

గమనించారా? కౌశికుడి నోట్లో ఉన్నది వేదమే, చెవిలో పడుతున్నదీ వేదమే. లోపం వినడంలో లేదు. విన్నది కంటిచూపు దాకా రాలేదు. ఇల్లాలికీ, ధర్మవ్యాధుడికీ అది చేతి దాకా వచ్చింది.

క్రైస్తవుల్లోనూ ఇలాంటి మనిషి ఉన్నాడు. 1691లో పారిస్‌లో చనిపోయిన బ్రదర్ లారెన్స్ మఠంలో వంటపని చేసేవాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ప్రార్థనలో ఉన్నట్టే ఉండొచ్చని ఆయన నమ్మకం. మిథిల కొట్టు, పారిస్ వంటిల్లు, నూజివీడు తోట, మూడుచోట్లా కనిపించేది ఒకటే. దేవుడి కోసం పని మానుకోలేదు, పని కోసం దేవుణ్ణీ పక్కన పెట్టలేదు.

అయితే మనం ఏం చేద్దాం?

నా జవాబు ఇదండి. సగం మనసుతో విన్నా అది భక్తికి మొదటి మెట్టే. కాకపోతే ఎన్ని గంటలు విన్నాం అనేది కాదు లెక్క. మన ట్రే అడుగున ఏముంది అనేది లెక్క. మీ ట్రే అంటే మీరు పంపే రిపోర్టు, రాసే కోడు, అద్దె ఇంటి ఓనరుకి చెప్పే మాట, ఎవరూ తెరిచి చూడరనుకునే భాగం.

ఈ వారం మూడు పనులు చేసి చూడండి.

ఒకటి, మనసు పూర్తిగా పెట్టాల్సిన పనిలో, ఇంట్లోవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఇయర్‌ఫోన్ తీసేయండి. అమ్మ పిలుపు వినపడనంత గట్టిగా హరికథ వింటే కౌశికుడి పక్కన కూర్చున్నట్టే.

రెండు, విన్నదాంట్లో ఒక్క మాట పట్టుకుని ఆ రోజు ఒక్క పనిలో పెట్టండి.

మూడు, ఆ మాటని మీ గొంతుతో ఎవరో ఒకరికి చెప్పండి. చెల్లెలికి వాయిస్ మెసేజ్ అయినా చాలు. వింటే మర్చిపోవచ్చు. నోరు తెరిచి చెప్పాక మాత్రం ఆ మాటకి మనమే జవాబుదారీ.

పరీక్షిత్తుకి ఏడు రోజులున్నాయని తెలుసు. మనకి ఎన్నో తెలియదు. అందుకే గంగ ఒడ్డు కోసం ఎదురుచూడకుండా, ఇవాళ చేతిలో ఉన్న కాయ దగ్గరే మొదలుపెడదాం. శుభం.