కాగితం చూసి మాట్లాడితే

మన సాహిత్య సభల్లో కాగితం చూసి మాట్లాడేవాళ్లంటే చిన్నచూపు. ‘ఆవిడ మాట్లాడలేదండీ, చదివింది’ అంటారు. కాగితం లేకుండా గంటసేపు ధారగా మాట్లాడితే పాండిత్యం. అవధానాలు చూసి పెరిగినవాళ్లం కదా, ధారకీ ధారణకీ చప్పట్లు కొట్టడం మనకి అలవాటు. కానీ అవధాని ఆశువు వెనక ఏళ్ల సాధన ఉంటుంది. వేదిక మీదే మొదటిసారి పుస్తకం తిరగేస్తూ, ‘సమయాభావం వల్ల పూర్తిగా చదవలేకపోయాను’ అంటూనే నలభై నిమిషాలు మాట్లాడే పెద్దమనిషికి ఆ వారసత్వం ఎక్కడిది?

ఇది సభామర్యాదకి సంబంధించిన చిన్న విషయమని నేననుకోను. చదవని పుస్తకాన్ని మెచ్చుకోవడం అబద్ధమాడటమే. ఏళ్ల తరబడి రాసుకున్న కథలకి ‘స్త్రీల సమస్యల్ని చక్కగా స్పృశించారు’ అన్న ఒక్క వాక్యం దక్కుతుంది. పైగా ఆ నలభై నిమిషాల్లో పాతిక ఇంకొకరివి. ఆ ఇంకొకరు చాలాసార్లు చివరన వేసిన స్త్రీ వక్త. పదిహేను నిమిషాలకి సిద్ధపడి వచ్చిన ఆమె చేతికి ‘రెండు ముక్కల్లో ముగించండమ్మా’ అని చీటీ వస్తుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేవాళ్లం, సభలోనూ అంతే.

కాగితం చదువుకున్నవాళ్ల దర్పమనీ, అనుభవం నుంచి వచ్చే మాటకి దాని అవసరం లేదనీ కొందరు స్నేహితురాళ్లు వాదిస్తారు. ఇందులో నిజముంది. 1992లో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమంలో మాట్లాడిన ఆడవాళ్లని ఎవరు తయారుచేశారు? వాళ్ల బతుకే తయారీ. కానీ రాతలో లేని మాట ఎవరి చేతుల్లో పడుతుందో కూడా ఆలోచించాలి. చదవడం రాయడం రాని సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయోలోని ఆక్రన్ సభలో మాట్లాడింది. వచ్చే నెలలోనే ఒక పత్రికలో అచ్చయిన పాఠంలో ‘నేను స్త్రీని కానా?’ అన్న ప్రసిద్ధ పల్లవి లేదు. పన్నెండేళ్ల తర్వాత, 1863లో, ఆనాటి సభాధ్యక్షురాలు ఫ్రాన్సెస్ గేజ్ రాసిన పాఠంలో అది చేరింది. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, చిన్నప్పుడు డచ్చి భాష మాట్లాడిన మనిషి నోట గేజ్ దక్షిణాది బానిసల యాస పెట్టింది. ఆమె అభిమానంతోనే రాసి ఉండొచ్చు. అయినా లోకమంతా ఆ యాసలోనే ట్రూత్‌ని గుర్తుపెట్టుకుంది.

అందుకే నేను రాసుకునే వెళతాను. ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదువుకుంటాను. ఇక ఆ చీటీ సంగతి. నా పదిహేను నిమిషాలూ నా హక్కే. కానీ ఆఖరి బస్సు కోసం చెప్పులు వెతుక్కుంటున్న శ్రోతలు ఆ దొంగతనం చేయలేదు, శిక్ష వాళ్లకెందుకు? ఏ పేరాలు వదిలేయొచ్చో ముందే పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాను. అవి వదిలేస్తున్నాననీ, ఎందుకు వదిలేస్తున్నాననీ మైకులోనే చెప్తాను. వేదిక మీద కొందరికి అది రుచించదు.